కారణ మడుగు హక్కు

విశ్వవిద్యాలయములలో ఉపాధ్యాయుని నోరు మూయించుటకు రెండు మార్గములు గలవు. అతనిపై నేరము మోపి, విచారణ జరిపి, పదవినుండి తొలగించుట మొదటిది. ఇది బహిరంగముగా జరుగవలసిన పని గనుక దీనికి సాక్ష్యము గావలెను, పత్రములు గావలెను, నలుగురు వచ్చి ప్రశ్నించినప్పుడు సమాధానము చెప్పగల ధైర్యము గావలెను. రెండవ మార్గమున కివేవియు నక్కరలేదు. ఒక సంవత్సరమునకో, ఒక టర్మునకో, ఒక్క పాఠ్యాంశమును బోధించుటకో నియమింపబడిన ఉపాధ్యాయుని గడువు తీరిన పిమ్మట అతనిని మరల పిలువకుండిన చాలును. తొలగించితి మని ఎవరును చెప్పనక్కరలేదు. ఎందుకు పిలువలేదో ఎవరును వ్రాయనక్కరలేదు. కాంట్రాక్టు లెక్చరర్ల స్థితిని, గెస్టు ఫాకల్టీ స్థితిని మన రెండు తెలుగు రాష్ట్రముల కళాశాలలలో కన్నులార చూచిన పాఠకునకు ఈ మార్గము ఎంత సులభమైనదో, ఎంత నిశ్శబ్దమైనదో వేరుగ విశదీకరింప బనిలేదు. అమెరికా దేశమున నట్టి యుపాధ్యాయులను అడ్జంక్టు లందురు. ఆ దేశపు విద్వత్పరిషత్తులు వారి విషయమున నూఱేండ్లకు పైబడి చేసినదియు, చేయక విడిచినదియు పరిశీలించినచో, ఆ చరిత్ర యంతయు ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నట్లు నాకు తోచుచున్నది: మౌనముగా విడిచిపుచ్చిన యుపాధ్యాయుని పక్షమున నిలిచి, కారణమేమని అడుగుటకు ఎవరికి హక్కు కలదు?

పందొమ్మిదవ శతాబ్దము ముగియు నాటికి ఆ దేశమున శాశ్వతమైన ఆచార్యపదవి యనునది చట్టముచే స్థిరపడినది కాదు. పేరుగాంచిన పండితుడైనను ధర్మకర్తల యిష్టము సాగినంతవరకే కొలువులో నుండెడివాడు; ఆ లెక్కన నాడు అందరును తాత్కాలికులే. చికాగో విశ్వవిద్యాలయమున ప్రజలకు విద్యావ్యాప్తి చేయు విస్తరణ శాఖలో అర్థశాస్త్రము బోధించుచుండిన ఎడ్వర్డ్ బెమిస్, 1894లో పుల్‌మన్ రైలుపెట్టెల కర్మాగారపు సమ్మె దేశము నట్టుడికించుచున్న వేళ ఒక చర్చిలో రైలు కంపెనీలను విమర్శించుచు ప్రసంగించెను. ఆ ప్రసంగము తమ కెంత యిబ్బంది కలిగించినదో విశ్వవిద్యాలయాధ్యక్షుడు హార్పర్ అతనికి లేఖ వ్రాసెను. మరుసటి సంవత్సరమున బెమిస్ కొలువు పోయెను. అభిప్రాయములకును ఈ తొలగింపునకును సంబంధమే లేదనియు, విస్తరణ శాఖలో అతని పని సంతృప్తికరముగా లేదనియు అధికారులు ప్రకటించిరి. నాడు ఆ మాటను పరీక్షించి నిజమో కల్లయో తేల్చగల సంస్థ యేదియు లేదు.

ఆ లోటును మొదట గుర్తించినవారు అర్థశాస్త్రవేత్తలు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ రాస్ అను అర్థశాస్త్రాచార్యుడు నగరపు రవాణాసౌకర్యములు ప్రజల యాజమాన్యమున నుండవలె ననుచును, ఆసియా దేశములనుండి కూలీలను రానీయరాదనుచును ప్రసంగములు చేయుచుండెను. ఆ విద్యాలయమును స్థాపించిన ధనము రైలుమార్గముల ధనము; ఆ మార్గములను వేసిన చేతులలో చీనా కూలీల చేతులు వేలకొలది. స్థాపకుని భార్య జేన్ స్టాన్‌ఫర్డ్ కినిసి అతనిని పంపివేయవలసినదే యని పట్టుబట్టగా, అధ్యక్షుడు జోర్డన్ కొంతకాలము తటపటాయించి, 1900 సంవత్సరము చివర అతనిచే పదవి విడిపించెను. ఆసియావాసులను గూర్చి రాస్ పలికిన పలుకులు నేడు చదివినచో మనబోటివారికి మనస్సు కలుక్కుమనును. అవి జాతిద్వేషముతో నిండిన మాటలు, వానిని నేను సమర్థింపను. అయినను ఆ మాటలకు జవాబు మాటలతోనే చెప్పవలసియుండగా ఒక ధనికురాలి యాగ్రహముతో చెప్పినందున, అన్యాయము విద్యాలయమునకే జరిగినది. ఆ డిసెంబరులో అర్థశాస్త్ర పరిషత్తు వార్షిక సమావేశమునకు వచ్చిన పండితులు కొలంబియా ఆచార్యుడు సెలిగ్మన్ ఆధ్వర్యమున ఒక విచారణసంఘము నేర్పరచి, తొలగింపునకు కారణమేమని జోర్డన్ నడిగిరి. సరియైన సమాధానము రాలేదు. సమాధానము రాలేదను సంగతినే వారు 1901లో నివేదికగా ముద్రించి లోకమునకు చాటిరి. ఆచార్యులు తమంతట తాము విచారించి, తీర్పును తమ సంతకములతో ప్రకటించుట అదియే ప్రథమము. ఆ తొలగింపునకు నిరసనగా స్టాన్‌ఫర్డ్ విడిచిపోయినవారిలో ఆర్థర్ లవ్‌జాయ్ అను యువ తత్త్వశాస్త్రజ్ఞు డొకడు.

పండ్రెండేండ్లు గడచిన పిదప ఈ లవ్‌జాయే పెన్సిల్వేనియాలోని లాఫయెట్ కళాశాల ద్వారమున ప్రశ్నకుడై నిలిచెను. అది ప్రెస్బిటీరియన్ మతసంస్థకు చెందినది. అచ్చటి తత్త్వాచార్యుడు మెక్లిన్ బోధన మతసమ్మతముగా లేదని 1913లో అతనిచే రాజీనామా చేయించిరి. తత్త్వశాస్త్ర పరిషత్తును, మనోవిజ్ఞానశాస్త్ర పరిషత్తును కలిసి విచారణకు పూనుకొనగా, బయటి సంఘములకు తాను సమాధానము చెప్పవలసినవాడను కానని కళాశాలాధ్యక్షుడు తలుపు మూసెను. ఒక్కొక్క శాస్త్రమునకు చెందిన పరిషత్తు వేరువేరుగా తలుపు తట్టుటకంటె అన్ని శాస్త్రముల ఆచార్యులకును ఉమ్మడి సంఘ మొకటి యుండవలె నను తలంపు అప్పటికి బలపడెను. 1915 జనవరిలో న్యూయార్కు నగరమున లవ్‌జాయ్, జాన్ డ్యూయీ మొదలగువారు సమావేశమై అమెరికా విశ్వవిద్యాలయాచార్యుల సంఘమును స్థాపించిరి. డ్యూయీ ప్రథమాధ్యక్షుడు. విద్యాస్వాతంత్ర్యపు తగవులు అరుదుగా వచ్చునే కాని సంఘమునకు ప్రధాన కార్యము కాజాలవని ఆయన తలచెను. మొదటి యేడాదిలోనే ఉటా, పెన్సిల్వేనియా మొదలగు చోట్లనుండి ఫిర్యాదులు వరుసగా వచ్చిపడెను.

ఈ సంఘముయొక్క పుట్టుకలోనే ఒక పరిమితి యుండెను. విద్యారంగమున పదియేండ్ల అనుభవము గలవారికి మాత్రమే మొదట సభ్యత్వ మొసంగిరి. 1915 నాటి ప్రకటన ఆచార్యులకు, సహాచార్యులకు శాశ్వతత్వము గోరినది; ఇన్‌స్ట్రక్టరు కంటె పై మెట్టున పదియేండ్లు పనిచేసినవారికిని గోరినది. ఇన్‌స్ట్రక్టరు మాత్రము ఆ గడపకు వెలుపల నిలిచిపోయెను. అందరును తాత్కాలికులైన కాలమునుండి కొందరు శాశ్వతులైన కాలమునకు దారి వేసిన మహాకార్య మది, అందు సందేహము లేదు. కాని గోడ కట్టునప్పుడు లోపలివారి నెంచినంత శ్రద్ధగా వెలుపలివారి నెంచలేదు.

వెలుపలివారు మాత్రము మాటలాడుట మానలేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున స్కాట్ నియరింగ్ అను యువ అర్థశాస్త్రోపాధ్యాయుడు గనులలో, మిల్లులలో పసిపిల్లలచే పని చేయించుటను తీవ్రముగా ఖండించుచుండెను. ఏటేట పునరుద్ధరింపవలసిన నియామకము అతనిది. సహాధ్యాపకులు అతనిని ఉంచవలసినదని సిఫారసు చేసినను, 1915 జూనులో, తరగతులు ముగిసి అందరును చెదరిపోయిన సమయము చూచి, నియామకము పొడిగింపలేదను క్లుప్తమైన లేఖ యొకటి అతనికి చేరినది. కారణ మేమియు లేదు. నూతన సంఘము ఈ తగవును చేపట్టి విచారణ జరిపి నివేదిక ప్రచురించెను. గడువు తీరుటయు, గడువు తీరెనను నెపమున శిక్షించుటయు ఒకటి కావని ఒక విద్వత్సంఘము ఇంత స్పష్టముగా గుర్తించిన తొలి సందర్భములలో ఇదియొకటి. రెండేండ్ల పిమ్మట కొలంబియాలో లియన్ ఫ్రేజర్ అను ఇన్‌స్ట్రక్టరు సైనిక శిక్షణ శిబిరమును విమర్శించిన పిదప మరల నియమింపబడలేదు. చరిత్రకారుడు చార్లెస్ బియర్డ్ 1917 అక్టోబరులో తన యాచార్యపదవిని వదలుకొనుటకు గల హేతువులలో ఆ చిన్న యుద్యోగికి జరిగిన అన్యాయము నొక హేతువుగా నెంచెను. ప్రథమ ప్రపంచయుద్ధమున దేశమునకు మద్దతిచ్చినవాడే బియర్డ్. అయినను అన్యాయము నన్యాయమనియే చెప్పెను. అట్టి నడత అరుదు. ఆచార్యుల సంఘ మప్పుడంత ధైర్యము చూపలేదు. 1918లో లవ్‌జాయ్ అధ్యక్షతన వెలువడిన నివేదిక యుద్ధకాలమున ఉపాధ్యాయుల వాక్కునకు కళ్లెము వేయుట కొంతవర కంగీకరించెను.

1940లో కళాశాలల సంఘముతో ఒడంబడి ఆచార్యుల సంఘము వెలువరించిన సూత్రప్రకటన నేటికిని ఆ దేశపు విద్యాలయములకు మూలగ్రంథమువంటిది. పరీక్షాకాలము ఏడేండ్లకు మించరాదనియు, ఆ పరీక్షాకాలమునను ఉపాధ్యాయునకు ఇతరులతో సమానమైన స్వాతంత్ర్య ముండవలెననియు అది విధించెను. ఆ రెండవ వాక్యము చాల విలువైనది. ఐనను పూర్తికాలపు టుద్యోగులను ఉద్దేశించి వ్రాయబడిన ఆ పత్రమున, ఒక్కొక్క పాఠమునకు కూలి తీసికొని పోవు ఉపాధ్యాయునికి తావు సందేహాస్పదముగనే నిలిచెను. సంఘపు ఆయుధము లెట్టివో కూడ ఇచ్చట చెప్పవలెను. విచారణకు మనుష్యులను పంపుట, నివేదికను ముద్రించుట, దోషము రుజువైన విద్యాలయపు అధికారవర్గమును అభిశంసితుల పట్టికలో చేర్చుట, ఇంతే. జరిమానా లేదు, ఆజ్ఞాపత్రము లేదు. ఆ పట్టికయైనను 1950ల తొలినాళ్లలో మూగవోయెను. కమ్యూనిస్టు వేటలో ఉపాధ్యాయులు కొలువులు కోల్పోవుచుండ, కాలిఫోర్నియాలో విధేయతా ప్రమాణమున సంతకము చేయని ముప్పదియొక్క మంది ఆచార్యులతోపాటు ఏ సభలోను స్థానములేని చిన్న యుద్యోగులును వెళ్లగొట్టబడుచుండ, సంఘ కార్యాలయము ఫిర్యాదులను పెట్టెలలో నుంచుకొని 1956 వరకు నివేదిక ప్రకటింపలేదు. ఆ జాప్యమును నేను క్షమింపజాలను; ఆనాడు సంఘమును నమ్మి వ్రాసినవారికి మరియొక దిక్కు లేదు.

ఆ మాలిన్యమును కడిగిన తీర్పు బఫలో నగరమునుండి వచ్చెను. ఈ చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించు ఘట్టమిదియే. బఫలో విశ్వవిద్యాలయము ప్రైవేటు సంస్థగా నుండి 1962లో న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయమున విలీనమాయెను. దానితో అచ్చటి యుపాధ్యాయులు రాష్ట్రోద్యోగులైరి. 1949 నాటి ఫైన్‌బర్గ్ చట్టము వారికి వర్తించెను. తాను కమ్యూనిస్టును కాననియు, ఎప్పుడైన నైయుండినచో ఆ సంగతి అధ్యక్షునికి తెలిపితిననియు ప్రతివాడును సంతకము చేయవలసివచ్చెను. ఆంగ్లసాహిత్యము బోధించుచుండిన హ్యారీ కెయిషియన్ ఒక్కయేటి నియామకముమీద నున్న ఇన్‌స్ట్రక్టరు. అతడు సంతకము చేయలేదు. గడువు తీరిన పిమ్మట నియామకము పొడిగింపబడలేదు. అతనితో చేయి కలిపినవారిలో కవి జార్జి స్టార్‌బక్ గలడు. గ్రంథాలయమున ఉద్యోగము చేయుచు, ఆంగ్లవిభాగమున కొన్ని గంటలు మాత్రము పాఠము చెప్పువాడు. నేటి పరిభాషలో అచ్చమైన అడ్జంక్టు. ప్రభుత్వమును బలప్రయోగమున కూలద్రోయుమని ఎన్నడైన బోధించితివా యని ప్రమాణపూర్వకముగ నడిగిన ప్రశ్నకు సమాధాన మీయ నిరాకరించినందున అతనిని తొలగించిరి. కొలువు కాపాడుకొనుటకు శాశ్వతపదవి యనెడి కవచము లేనివారు, సంతకము చేసి నెమ్మదిగ నుండుటకు అందరికంటె ఎక్కువ కారణము గలవారు, ముందు నిలిచి పోరాడిరి. ఆచార్యుల సంఘము వారి పక్షమున సర్వోన్నత న్యాయస్థానమునకు తన వాదనను సమర్పించెను. 1967 జనవరి 23వ తేదీన న్యాయమూర్తి బ్రెన్నన్ వ్రాసిన తీర్పు, నలుగురు విభేదింప ఐదుగురి సమ్మతితో, ఆ నిబంధనలను కొట్టివేసెను. రాజ్యాంగపు మొదటి సవరణ విద్యాస్వాతంత్ర్యమును ప్రత్యేకముగ కాపాడదలచిన వస్తువని ప్రకటించెను. నేడు శాశ్వతాచార్యులు తమ స్వాతంత్ర్యమునకు ఆధారముగా నుదాహరించు ఆ తీర్పు పునర్నియామకము దొరకని ఇన్‌స్ట్రక్టరును, గంటల లెక్కన పాఠము చెప్పిన కవియు సంపాదించి పెట్టినది.

టెక్సాసులో మరియొక వ్యాజ్యము పుట్టెను. రాబర్ట్ సిండర్మన్ ఆ రాష్ట్రపు కళాశాలలలో పదియేండ్లు పనిచేసినవాడు. చివరి నాలుగేండ్లు ఒడెసా జూనియర్ కళాశాలలో ఏటేట మార్చు ఒప్పందముల మీద గడిపెను. జూనియర్ కళాశాలోపాధ్యాయుల సంఘమునకు అధ్యక్షుడుగా ఎన్నికై శాసనసభాసంఘముల యెదుట సాక్ష్య మిచ్చుటకు పోవుచు, కళాశాలను నాలుగేండ్ల కళాశాలగా పెంపొందింపవలెనని పాలకమండలి యభిమతమునకు విరుద్ధముగా వాదించెను. 1969 మేలో అతని ఒప్పందము ముగిసెను, మరియొకటి రాలేదు. పాలకులు పత్రికలకు మాత్రము అతడు అవిధేయుడని ప్రకటన పంపిరి. అతనికి కారణము వ్రాతపూర్వకముగ తెలుపలేదు, వాదన వినలేదు. 1972 జూన్ 29న సర్వోన్నత న్యాయస్థానము, శాశ్వతపదవి లేకున్నంత మాత్రమున వాక్స్వాతంత్ర్యమునకు శిక్షగా అతనిని వదలివేయరాదనియు, సంతృప్తికరముగ పనిచేయుచున్నంతవరకు ఉపాధ్యాయుడు పదవి స్థిరమని భావింపవచ్చునని కళాశాల తన నిబంధనలలోనే సూచించినందున, తనకట్టి హక్కున్నట్లు అతడు రుజువు చేసినచో అతని వాదన వినవలసినదే యనియు తీర్పు చెప్పెను. అదే దినమున, విస్కాన్సిన్‌లో ఒక్కయేడు పనిచేసి అధికారులను విమర్శించిన డేవిడ్ రాత్ విషయమున మాత్రము, అతనికి కారణము తెలుపుటకు రాజ్యాంగము నిర్బంధింపదని నిర్ణయించెను. న్యాయస్థానము విడిచిన ఆ శూన్యస్థానమును ఆచార్యుల సంఘము ఒక యేడు ముందుగనే తన శక్తి మేరకు పూరించియుండెను: 1971లో వెలువరించిన విధానపత్రమున, పునర్నియామకము పొందని ఉపాధ్యాయుడు కోరినచో కారణము తెలుపవలెననియు, స్వాతంత్ర్యభంగమని అతడు భావించినచో తోడి యధ్యాపకుల సంఘమునకు మొరపెట్టుకొను అవకాశ ముండవలెననియు నిర్దేశించినది. చట్టము ఈయని దానిని వృత్తిధర్మము ఈయగలదను విశ్వాసము ఆ పత్రమున గలదు.

అంతలో నేలయే కదలిపోయెను. ధనలోపముచేత, అగ్గువకు పాఠము చెప్పువారు దొరకుటచేత, విద్యాలయములు శాశ్వతస్థానములు ఖాళీయైనకొలది తాత్కాలికులతో నింపసాగినవి. 1987లో ఉపాధ్యాయులలో నూటికి నలుబదియేడుగురు తాత్కాలికులై యుండగా, 2021 నాటికి అరువదియెనిమిదిగు రైరి. పూర్తికాలపు శాశ్వతాచార్యులు నూటికి ఇరువదినలుగురే మిగిలిరి. గడప వెలుపలి వారే ఇంటివారికంటె పెరిగిపోయిరి. విద్వత్పరిషత్తుల పత్రములును వరుసగ వెలువడెను: ఆచార్యుల సంఘము 1980లో, 1993లో ఈ వర్గమును గూర్చి నివేదికలు వెలువరించెను; 1997లో వాషింగ్టనులో చరిత్ర, భాషాసాహిత్యములు మొదలగు శాస్త్రముల పరిషత్తులు దీనికొరకే కలిసి సమావేశమాయెను; 2003లో, ఒక సంస్థలో బోధన మొత్తమున నూటికి పదియేను వంతులకును, ఏ విభాగమునను ఇరువదియైదు వంతులకును మించి తాత్కాలికులపై భారము మోపరాదని ఆచార్యుల సంఘము హద్దు గీచెను. ఆ హద్దును ఎవరును లెక్క చేయలేదనియే చెప్పవలెను. 2006లో అదే సంఘము అంశకాలికులకొరకు ప్రత్యేక నిబంధన చేర్చి, ఏడేండ్లు పనిచేసినవానికి సమగ్ర సమీక్షయు, దాని ఫలితముగ స్థిరమైన కొనసాగింపును పొందు వీలును గల్పింపవలెనని కోరెను. విద్యాస్వాతంత్ర్యమును భృతితో ముడివేయకున్న ఈ చర్చ సాగదు. విద్వత్పరిషత్తుల కూటమి యొకటి సేకరించిన లెక్కలను బట్టి 2010 శరదృతువున ఒక పాఠ్యాంశమునకు మధ్యస్థ వేతనము 2,700 డాలర్లు. ఆధునిక భాషా పరిషత్తు ఆ రోజులలో కోరిన కనిష్ఠ వేతనము 6,800 డాలర్లు. రెండు మూడు కళాశాలల నడుమ తిరుగుచు వచ్చే నెల యద్దెకు వెదకుకొను మనుష్యుడు వివాదాస్పదమైన పాఠమును తానుగా పక్కన పెట్టుననుటలో ఆశ్చర్య మేమున్నది?

ఈ కాలపు విచారణలలో లూసియానాది స్మరణీయము. 2005లో కత్రినా తుపానున న్యూ ఆర్లియన్సు కరకట్టలు తెగుటకు సైనిక ఇంజనీర్ల నిర్మాణలోపమే కారణమని లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయపు తుపాను పరిశోధనకేంద్రమునకు చెందిన ఐవర్ వాన్ హీర్డెన్ నిర్భయముగ చెప్పెను. అనేక సంవత్సరములుగ ఏటేట నియామకము పొడిగింపబడుచుండిన పరిశోధకు డతడు. 2009లో ఆ పొడిగింపు ఆగిపోయెను. ఆచార్యుల సంఘము 2011లో నివేదిక ప్రకటించి, 2012లో ఆ యధికారవర్గమును అభిశంసించెను. కొలరాడోలోని ఒక కమ్యూనిటీ కళాశాలలో తత్త్వశాస్త్రము చెప్పు తాత్కాలికోపాధ్యాయుడు, పాఠ్యప్రణాళిక స్థాయిని దిగజార్చుచున్నారని గుర్తింపుసంస్థకు ఫిర్యాదు చేయ సన్నద్ధుడగుచుండగనే 2016లో టర్ము నడుమ తొలగింపబడెను. 2017లో ఆ కళాశాలయు అభిశంసితుల పట్టిక కెక్కెను. తాత్కాలికు డొక్కనికి జరిగిన దానికై ఒక సంస్థను పట్టికలో నెక్కించుట, 1915 నాటి గడపను దాటిన చర్య.

2022 శరదృతువున మిన్నెసోటాలోని హామ్లైన్ విశ్వవిద్యాలయమున, కొత్తగా చేరిన కళాచరిత్ర ఉపాధ్యాయురా లొకరు, విద్యార్థులకు ముందుగా హెచ్చరిక చేసి, పదునాలుగవ శతాబ్దపు టిస్లామిక చిత్రలేఖనము నొకదానిని పాఠమున చూపిరి. అందు మహమ్మదు ప్రవక్త రూప ముండెను. ఒక విద్యార్థిని మనస్సు నొచ్చుకొని ఫిర్యాదు చేయగా, ఆ నొప్పి నిజమైనదే గనుక దానిని గౌరవముతో విని చర్చింపవలసియుండెను. అధికారులు చర్చింపక, ఆ పాఠమును ఇస్లాము ద్వేషమని ప్రకటించి, తరువాతి టర్మునకు ఆమెకు నిశ్చయమై యుండిన తరగతిని ఉపసంహరించిరి. మధ్యప్రాచ్య అధ్యయన పరిషత్తు ఆమె పక్షమున లేఖ వ్రాసెను. అమెరికా ముస్లిముల సంస్థ యొకటి, ఆ చిత్రము తమ నాగరికతలోనిదే యనుచు ఆమెను సమర్థించెను. 2023 జనవరిలో విద్యాలయము ఆ ద్వేషమను మాటను వెనుకకు తీసికొనెను. మే నెలలో ఆచార్యుల సంఘపు నివేదిక, ఆమె విద్యాస్వాతంత్ర్యము భంగపడెనని తేల్చెను. ఏడేండ్ల సమీక్షగాని, దీర్ఘసేవకు లభించు మన్ననగాని ఆమెకు అందు దూరమున లేవు. ఆ శాస్త్ర మెరిగిన తోటి పండితులు బహిరంగముగ పలికిన పలుకే ఆమెకు దొరికిన రక్ష. మొదటి టర్మునందున్న ఉపాధ్యాయుడు, తన్నెందుకు విడిచిపెట్టిరని యడిగినచో వ్రాతపూర్వకముగ సమాధానము పొందు హక్కు అమెరికా విద్యాలయములలో అధికభాగమున నేటికిని నియమముగ స్థిరపడలేదు.